కటకటాలు దాటిన డాక్టర్ లెక్టర్

బ్యూనస్ ఐరిస్‌లోని కొలోన్ థియేటర్. ఒపేరా చూడ్డానికి వచ్చిన బార్నీ తలెత్తి పై బాక్సుల వైపు చూస్తాడు. ఒకప్పుడు బాల్టిమోర్‌లో, మతి చలించిన నేరస్తుల్ని ఉంచే ఆసుపత్రిలో వార్డు బాయ్‌గా చేసిన మనిషి అతను. పైన పచ్చల నగలు పెట్టుకున్న అందమైన ఆవిడ, పక్కన హుందాగా ఒక పెద్దమనిషి. ఆవిడ ఒకప్పటి ఎఫ్‌బీఐ ఏజెంటు క్లారిస్ స్టార్లింగ్. ఆ పెద్దమనిషి ఆమె పట్టుకోవాల్సిన నరమాంస భక్షకుడు, ఒకప్పటి మానసిక వైద్యుడు డాక్టర్ హానిబల్ లెక్టర్. బార్నీ పనిచేసిన ఆసుపత్రిలోనే బందీగా ఉండి వచ్చినవాడు. ఇద్దరూ కలిసి కాపురం చేస్తున్నారు. బార్నీ తెలివైనవాడు. చూసింది చాలనుకుని ఊరు వదిలి వెళ్ళిపోతాడు.

థామస్ హారిస్ రాసిన 'హానిబల్' నవల ఇలా ముగుస్తుంది. 1999 జూన్‌లో పుస్తకం వచ్చిన నాటి నుంచీ పాఠకులు ఈ ముగింపు దగ్గరే రెండుగా చీలిపోయారు. ఇంతకంటే సరైన ముగింపు ఇంకోటి లేదన్నవాళ్ళు కొందరు. క్లారిస్‌కి ఇంత అన్యాయమా అని మండిపడ్డవాళ్ళు కొందరు. పాతికేళ్ళు దాటినా ఆ తగువు తెగలేదు. థ్రిల్లర్ సిరీస్‌లో తర్వాతి భాగం వచ్చినప్పుడల్లా మొదటిది బాగుందని, ఇది తేలిపోయిందని అనడం మామూలే. ఇది ఆ బాపతు గొడవ కాదు. ఇందులో ఒక వర్గం రెండో వర్గానికి నవల అర్థం కాలేదంటుంది, రెండో వర్గం రచయితకే తన పాత్ర అర్థం కాలేదంటుంది. గుట్టు విప్పకుండా ఈ చర్చ నడవదు గనుక నవల చదవబోయేవాళ్ళని ఇక్కడే ఆగమనాలి. కానీ మొదటి పేరాలోనే గుట్టంతా బయటపడిపోయింది.

లెక్టర్ మొదట కనిపించింది 1981లో వచ్చిన 'రెడ్ డ్రాగన్'లో. 1988లో 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' వచ్చింది. తర్వాత పదకొండేళ్ళు హారిస్ నుంచి నవల లేదు. ఆ మధ్యలోనే, 1991లో, రెండో నవల సినిమాగా వచ్చి ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే ఆస్కార్లు అయిదూ ఎగరేసుకుపోయింది. అలాంటి నిరీక్షణ తర్వాత వచ్చిన మూడో పుస్తకం బెస్ట్ సెల్లర్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళడంలో వింతేమీ లేదు. వింతంతా విమర్శకుల తీర్పుల్లో ఉంది. న్యూయార్క్ టైమ్స్‌లో సమీక్ష రాసిన భయానక నవలల రచయిత స్టీఫెన్ కింగ్, మన కాలంలో వచ్చిన అతి భయంకరమైన రెండు జనరంజక నవలల్లో ఇదొకటని, రెండోది 'ది ఎక్సార్సిస్ట్' అని రాశాడు. బ్రిటిష్ నవలాకారుడు మార్టిన్ ఏమిస్ హారిస్ ముందు రెండు నవలల్నీ మెచ్చుకున్నవాడే. ఆయనకి మాత్రం ఇది చదివాక హారిస్ ఇంగ్లిష్ వాక్యాలని వరసపెట్టి చంపే హంతకుడిలా కనిపించాడు. ఇద్దరూ పేరున్నవాళ్ళే, ఇద్దరూ హారిస్‌ని ముందునుంచీ చదువుతున్నవాళ్ళే.

సిరీస్ నవలలో రచయితకీ పాఠకుడికీ మధ్య కాగితం మీద పెట్టని ఒప్పందం ఒకటి ఉంటుంది. తెలుగులో డిటెక్టివ్ పుస్తకాలు అద్దెకి తెచ్చుకుని చదివిన తరానికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కొమ్మూరి సాంబశివరావు పుస్తకం ఏది తీసినా అదే యుగంధర్, మధుబాబు పుస్తకం ఏది తీసినా అదే షాడో. కేసు మారుతుంది, ఊరు మారుతుంది, మనిషి మారడు. మారితే పాఠకుడు ఊరుకోడు. కోనన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలో పడేసి, 1903లో మళ్ళీ బతికించి తీసుకొచ్చాక, కార్న్‌వాల్‌లో ఒక పడవవాడు ఆయనతో అన్న మాటని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ కొండ మీంచి పడ్డప్పుడు హోమ్స్ చచ్చిపోలేదేమో గానీ, ఆ తర్వాత మాత్రం మునుపటి మనిషి కాదు అన్నాడట. సిరీస్ పాఠకుడి ఫిర్యాదుని ఇంత పొట్టిగా చెప్పినవాళ్ళు ఇంకొకరు లేరు.

హారిస్ విషయంలో ఆ ఫిర్యాదు తిరగబడింది. ముందు రెండు నవలల్లో లెక్టర్ అసలు కథానాయకుడే కాదు. 'రెడ్ డ్రాగన్' విల్ గ్రాహమ్ అనే ఎఫ్‌బీఐ దర్యాప్తుదారు కథ, 'సైలెన్స్' క్లారిస్ కథ. పట్టుబడాల్సిన హంతకుడు రెంటిలోనూ వేరే ఉంటాడు. లెక్టర్ ఆ ఆసుపత్రిలో కటకటాల గదిలో కూర్చుని సాయం చేస్తున్నట్టే చేస్తూ, అవతలివాళ్ళ మనసులో పుండు ఎక్కడుందో వెతికి అక్కడ వేలు పెట్టే మనిషి. మొదటి నవలలో అతను కనిపించే సన్నివేశాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వంటలో ఇంగువలాంటివాడు, చిటికెడు చాలు. మూడో నవల పేరే 'హానిబల్'. చిటికెడుండాల్సింది గిన్నెడైంది. కొందరికి అదే విందు, కొందరికి అదే వెగటు.

దీని ప్రభావం ముందు పడింది ఉత్కంఠ మీద. మొదటి రెండు నవలల్లో గడియారం టిక్కుటిక్కుమని కొట్టుకుంటూ ఉంటుంది. 'రెడ్ డ్రాగన్'లో హంతకుడు పౌర్ణమి నాడు కుటుంబాల్ని చంపుతాడు. వచ్చే పౌర్ణమి లోపల గ్రాహమ్ అతన్ని పట్టుకోవాలి. 'సైలెన్స్'లో హంతకుడు ఎత్తుకుపోయిన సెనెటర్ కూతురు క్యాథరిన్ మార్టిన్ ఒక నేలమాళిగలో, నీళ్ళు లేని బావిలో ఉంటుంది. ఆమెకి మిగిలింది కొద్ది రోజులే. క్లారిస్ లెక్టర్‌తో మాట్లాడే ప్రతి నిమిషం ఆ బావిలో పిల్ల ఆయుష్షులోంచి తరిగిపోతున్నదే. అందుకే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సన్నివేశం కూడా చేజింగ్‌లా నడుస్తుంది.

'హానిబల్'లో బావి లేదు, అందులో పిల్లా లేదు. పగ తీర్చుకోవాలని చూస్తున్న మేసన్ వెర్జర్ ఉన్నాడు. మాంసం వ్యాపారంలో తరతరాలుగా కోట్లు గడించిన కుటుంబానికి వారసుడు, పిల్లల్ని హింసించి ఆనందించే నీచుడు. లెక్టర్ మాట విని మత్తులో తన ముఖాన్ని తనే చెక్కేసుకుని మంచాన పడ్డాడు. లెక్టర్‌ని పట్టి తెప్పించి, ఇటలీ ద్వీపం సార్డీనియాలో పెంచిన అడవి పందులకి వెయ్యాలన్నది అతని పథకం. అంటే ఈసారి పాఠకుడు బిక్కుబిక్కుమంటూ చూడాల్సిన ప్రాణం లెక్టర్‌దే. పందుల నుంచి నరమాంస భక్షకుడు తప్పించుకుంటాడా లేదా అని పాఠకుడు గుండె చేత్తో పట్టుకోవాలి. ఇది మామూలు మార్పు కాదు, కథ ఇరుసే మారిపోయింది. పోలీసు దర్యాప్తు కథ అనుకుని కూర్చున్నవాడికి విందులూ వేషాలూ పగలూ నిండిన భయానక నాటకం చూపిస్తే, నాటకం ఎంత బాగున్నా టికెట్ డబ్బులు వెనక్కి అడిగేవాళ్ళు ఉంటారు.

లెక్టర్ చంపేవాళ్ళ జాబితా పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 'సైలెన్స్'లో తప్పించుకునేటప్పుడు అతను చంపింది డ్యూటీలో ఉన్న ఇద్దరు కాపలా పోలీసుల్ని, అంబులెన్సు సిబ్బందిని, అడ్డొచ్చిన ఒక ప్రయాణికుణ్ణి. ఎవరూ ఏ పాపమూ చెయ్యలేదు. అందులో ఒక కానిస్టేబుల్ లెక్టర్‌తో మర్యాదగా ఉన్నవాడే. 'హానిబల్'కి వచ్చేసరికి అతని చేతిలో పోయేవాళ్ళు ఎక్కువమంది పోవాల్సినవాళ్ళే అనిపించేలా ఉంటారు. డబ్బుకి అమ్ముడుపోయిన పోలీసు, కిరాయి గూండాలు, దొంగతనంగా జింకల్ని వేటాడేవాడు, క్లారిస్ ఉద్యోగం నాశనం చేసిన ప్రభుత్వ అధికారి. మర్యాద తెలియనివాళ్ళని తినడానికే లెక్టర్ ఇష్టపడతాడని బార్నీ చేత చెప్పిస్తాడు హారిస్. ఆ మాట జనానికి భలే నచ్చింది. కానీ అక్కడే భయం సగం చచ్చింది. పాఠకుడు తనని తాను మర్యాదస్తుణ్ణే అనుకుంటాడు కదా! ఇక లెక్టర్ వల్ల తనకేం భయం? పాత లెక్టర్ మర్యాదస్తుణ్ణి కూడా చంపగలడు. కొత్త లెక్టర్ మనకి నచ్చనివాళ్ళని మన తరఫున శిక్షించే దేవుడైపోయాడు.

గతం సంగతి ఇంకా చిత్రం. 'సైలెన్స్'లో క్లారిస్ ఒక ప్రశ్నల పత్రం పట్టుకుని మొదటిసారి వెళ్ళినప్పుడు లెక్టర్ ఆమెతో ఒక మాట అంటాడు. నాకేదో జరిగి నేనిలా అయ్యానని అనుకోవద్దు, నాకేమీ జరగలేదు, నేనే జరిగాను అని. తనని కారణాల జాబితాగా కుదించొద్దంటాడు. ఆ పాత్ర భయమంతా ఆ మాటలో ఉంది. కారణం దొరికితే మనిషి రోగి అవుతాడు, రోగికి మందుంటుంది, జాలి ఉంటుంది. లెక్టర్‌కి కారణం లేదు. ఆసుపత్రిలో అతని గదికి ఉక్కు కటకటాలు, వాటి వెనక నేల నుంచి కప్పు దాకా బిగించిన గట్టి నైలాన్ వల. (సినిమాలో కటకటాల బదులు పారదర్శకమైన గోడ పెట్టారు. నవలలో ఉన్నది కటకటాలే.) క్లారిస్‌తో పాటు పాఠకుడు కూడా ఆ వల ఇవతలే నిలబడి చూడాలి. అవతల ఏముందో తెలియదు.

మూడో నవలలో హారిస్ పాఠకుణ్ణి వల అవతలికి తీసుకెళ్ళాడు. లెక్టర్ మెదడులో వెయ్యి గదుల జ్ఞాపకాల భవనం ఉంటుంది, అందులో మనల్ని తిప్పుతాడు. ఆ భవనం అడుగున ఒక చీకటి కొట్టులో మిషా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, తూర్పు యూరప్‌లో, ఆకలితో ఉన్న సైన్యపు పలాయనగాళ్ళు చంపి తినేసిన లెక్టర్ చిన్నారి చెల్లెలు. ఏ కారణమూ లేదన్న మనిషికి కారణం దొరికింది. పైగా లెక్క సరిపోయే కారణం. చెల్లెల్ని తిన్నారు కాబట్టి అన్న తింటున్నాడు. ఇక్కడ హారిస్ తప్పటడుగు వేశాడనే చెప్పాలి. సమర్థించేవాళ్ళు దీనికి మంచి జవాబే చెబుతారు. నాకేమీ జరగలేదని లెక్టర్ అన్నాడు సరే, అతను నిజమే చెబుతాడని ఎవరన్నారు? గాయం ఉన్నవాడే కదా గాయం లేదని అంత గట్టిగా అనేది! జవాబు బాగానే ఉంది. అయినా అది పాత లెక్టర్‌ని చిన్నబుచ్చే జవాబే. రాక్షసుణ్ణి అబద్ధాలకోరుగా మార్చి చూపిస్తుంది.

ఇన్ని కోపాల మధ్య, నవలని తిట్టేవాళ్ళలో కూడా చాలామంది మెచ్చుకునే భాగం ఒకటుంది. ఫ్లోరెన్స్. లెక్టర్ అక్కడ డాక్టర్ ఫెల్ అనే పేరుతో కాపోని భవనంలో పాత గ్రంథాలూ కళాఖండాలూ చూసుకునే పండితుడిగా చేరాడు. అతన్ని గుర్తుపట్టిన పోలీసు అధికారి రినాల్డో పాత్సీ. ఫ్లోరెన్స్ చరిత్ర తెలిసినవాళ్ళకి ఆ ఇంటిపేరు వినగానే 1478 గుర్తొస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్ 26న చర్చిలో ప్రార్థన జరుగుతుండగా ఆ నగరాన్ని ఏలుతున్న మెదీచీ కుటుంబపు అన్నదమ్ముల మీద కత్తులు దూశారు. తమ్ముడు జూలియానో చనిపోయాడు, అన్న లొరెంజో గాయంతో బయటపడ్డాడు. కుట్రదారుల్లో ఒకడైన ఫ్రాంచెస్కో పాత్సీని పట్టుకొచ్చి, ఇప్పుడు పలాజో వెక్కియో అని పిలిచే నగర భవనం కిటికీ నుంచి ఉరి వేలాడదీశారు. నవలలోని పాత్సీ ఆ వంశపువాడు. వరస హత్యల కేసొకటి చేతిలో పెట్టుకుని పేరొచ్చినట్టే వచ్చి పరువు పోగొట్టుకున్నవాడు. ఆ కేసు హారిస్ కల్పన కాదు. ఫ్లోరెన్స్ పరిసరాల్లో జంటల్ని చంపిన హంతకుడి కేసు నిజంగానే ఇటలీని వణికించింది. 1994లో పియెట్రో పచ్చాని అనే రైతు మీద జరిగిన విచారణకి హారిస్ స్వయంగా వెళ్ళి కూర్చున్నాడు. పచ్చానికి పడ్డ శిక్షని 1996లో పై కోర్టు కొట్టేసింది.

పాత్సీ చెయ్యాల్సింది లెక్టర్‌ని అరెస్టు చేసి పోయిన పేరు తిరిగి తెచ్చుకోవడం. ఇంట్లో అందమైన భార్య ఉంది, ఆవిడకి కావల్సినవి చాలా ఉన్నాయి, తెచ్చే జీతం చాలదు. వెర్జర్ ముప్పై లక్షల డాలర్ల బహుమానం ప్రకటించాడు. పాత్సీ చట్టాన్ని పక్కనపెట్టి వెర్జర్‌కి ఫోన్ చేస్తాడు. అంతటితో అతని పని అయిపోయిందని పాఠకుడికి తెలుసు, పాత్సీకి తెలియదు. లెక్టర్ పండితుల సభలో పాత ఇటాలియన్ కవి డాంటే కావ్యం మీద ఉపన్యాసం ఇస్తాడు. విషయం దురాశ, ఉరి. నమ్మిన ఏసుక్రీస్తుని డబ్బుకి అమ్మేసిన శిష్యుడు యూదా ఉరేసుకున్న బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి తెర మీద వేసి చూపిస్తాడు. వెనక వరసలో కూర్చుని వింటున్న పాత్సీకి ఆ ఉపన్యాసం తన కోసమేనని తట్టదు. సభ ముగిసి పండితులు వెళ్ళిపోయాక, వంశంలో పెద్దాయన వేలాడిన ఆ భవనం మీంచే అతనూ వేలాడతాడు. అయిదు వందల ఏళ్ళ నాటి ఉరితాడు చివర ఇవాళ్టి ఉరితాడుని ముడేసినట్టుగా రాశాడు హారిస్. ఇక్కడ లెక్టర్ కటకటాల వెనక లేకపోయినా భయం తగ్గదు. కారణం, మనం చూసేది పాత్సీ కళ్ళతో. వల ఇవతల ఇంకా ఒక మనిషి ఉన్నాడు. కిట్టనివాళ్ళు కూడా ఈ భాగాన్ని మెచ్చుకోవడానికి కారణం ఊరి అందం కాదు, ఈ చూపు.

ఆ చూపు ఎవరిదన్న ప్రశ్నే చివరికి మొత్తం తగువుకి మూలం. 'సైలెన్స్' మొదటి పేజీ నుంచి మనం ఉండేది క్లారిస్ తలలో. వెస్ట్ వర్జీనియా బీదరికం, కాపలా ఉద్యోగంలో కాల్పుల్లో పోయిన తండ్రి, చిన్నప్పుడు విని, రాత్రిపూట ఇంకా వెంటాడే గొర్రెపిల్లల అరుపులు, చవక బూట్లు చూసి లెక్టర్ వేసిన ఎత్తిపొడుపు. ఇవన్నీ ఆమె లోపల నుంచే తెలుస్తాయి. ఆఖరి పేజీలో ఆమెకి పట్టిన గాఢనిద్రని పాఠకుడు తన నిద్రలా అనుభవిస్తాడు. 'హానిబల్' మొదలు కూడా అలాగే ఉంటుంది, ఆ మొదలు గొప్పగా ఉంటుంది. వాషింగ్టన్‌లో చేపల మార్కెట్ దగ్గర ఒక మాదకద్రవ్యాల ముఠా మీద దాడి. ముఠా నాయకురాలు చంటిబిడ్డని గుండెకి కట్టుకుని తుపాకీ పేలుస్తుంది, క్లారిస్ ఆమెని కాల్చక తప్పదు. ఆ వెంటనే బిడ్డని తీసుకెళ్ళి చేపలు శుభ్రం చేసే బల్ల మీద పడుకోబెట్టి, నీళ్ళతో ఒంటి మీది తల్లి నెత్తురు కడుగుతుంది. పేపర్లకి ఎక్కేది ఆమె హంతకురాలన్న కథే. డిపార్టుమెంటు ఆమెని బలిపశువుని చేస్తుంది. ముప్పై రెండేళ్ళ క్లారిస్‌కి, ఏడేళ్ళ కింద దేశం మెచ్చుకున్న అమ్మాయికి, ప్రమోషన్ల దారి మూసుకుపోయి ఉంది. పాల్ క్రెండ్లర్ అనే న్యాయశాఖ అధికారి ఆమె తనకి లొంగలేదన్న కక్షతో అడుగడుగునా అడ్డం పడుతుంటాడు.

ఈ అధ్యాయాలు చదివినవాళ్ళకి ఆమె చివరికి ఆ ఉద్యోగం మీద ఉమ్మేసి వెళ్ళిపోయినా ఆశ్చర్యం ఉండదు. సమర్థకుల వాదన బలమంతా ఇక్కడుంది. ప్రాణం పెట్టి సేవ చేసిన సంస్థ ఆమెని నమిలి ఊసేసింది, ఆమెని మనిషిగా గౌరవించింది ఒక్క రాక్షసుడే. మరి ఆమె ఎటు వెళ్తుంది? సరిగ్గా ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన చోట హారిస్ క్లారిస్ తల తలుపు మూసేశాడు. వెర్జర్ ఇంట్లోంచి లెక్టర్‌ని విడిపించబోయి మత్తు బాణాలు తగిలి ఆమె పడిపోతుంది. లెక్టర్ ఆమెని తీసుకెళ్తాడు. రోజుల తరబడి మందులు, గదిలో ఒకే దీపం వెలుతురులో హిప్నాసిస్ లాంటి సంభాషణలు. ఇప్పుడు మనం చాలావరకు చూసేది లెక్టర్ వైపు నుంచి. క్లారిస్ ఏమంటోందో వినిపిస్తుంది. ఏమనుకుంటోందో మాత్రం పొగమంచులో ఉండిపోతుంది. ఒక పుస్తకమంతా ఎవరి తలలో కాపురమున్నామో, ఆ మనిషి జీవితంలో అతి పెద్ద నిర్ణయం తీసుకునే వేళకి మనల్ని గుమ్మం బయట నిలబెట్టారు. కోపం రాదా మరి!

ఆ తర్వాత వచ్చే భోజనం సీను గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎక్కువ చెప్పకపోవడమే మంచిది. బల్ల దగ్గర అతిథి క్రెండ్లర్, తినేదీ క్రెండ్లర్‌నే, అతను బతికుండగానే. చాలామంది పుస్తకం పక్కన పడేసిన పేజీ అదే. కానీ అసలు చదవాల్సింది వంటకం గురించి కాదు, వంటకం అయ్యాక జరిగే మాటలు. లెక్టర్ మనసులో ఉన్న పిచ్చి ఆశ ఏమిటంటే, కాలం వెనక్కి తిరిగి చనిపోయిన మిషాకి ఈ లోకంలో ఒక చోటు దొరకాలని. ఆ చోటు క్లారిస్‌ది కావచ్చునని. క్లారిస్ ఆ సంగతి పసిగడుతుంది. మిషాకి చోటు కావాలంటే నీ చోటు ఇవ్వొచ్చుగా అన్నట్టు ఎదురు ప్రశ్న వేస్తుంది. అతను చిన్నప్పుడు తల్లి రొమ్ము చెల్లెలికి వదులుకోవాల్సొచ్చిందా అని అడిగి, ఇది వదులుకోనక్కర్లేదంటూ తన రొమ్ము చూపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఇది అసహ్యంగానో నవ్వులాటగానో అనిపించొచ్చు. జాగ్రత్తగా చూస్తే, అప్పటిదాకా ఆమెని వైద్యుడిలా ఆడించినవాణ్ణి ఆమె తిరిగి వైద్యం చేస్తోంది. 'సైలెన్స్'లో నీకొకటి నాకొకటి అంటూ రహస్యాలు మార్చుకున్న ఆటలో చివరి ఎత్తు ఆమెదే. ఆమె కీలుబొమ్మ కాదనేవాళ్ళు చూపించేది ఈ చోటే. మందు ఒంట్లో ఉన్న మనిషి చెప్పిన సరే, సరే కాదనేవాళ్ళు కూడా చూపించేది ఈ చోటే. చివరి అధ్యాయంలో, ఆమెని మొదట్లో పట్టి ఉంచిన మందులకి వాళ్ళ జీవితంలో చాలాకాలంగా చోటు లేదని హారిస్ ఒక వాక్యం చేర్చాడు. తగువు తీర్చడానికి రాసినట్టున్న ఆ వాక్యమే తగువుని ఎగదోసింది. ఇప్పుడు మందు లేదంటే, మొదట్లో ఉన్నట్టేగా?

సినిమావాళ్ళు ఈ చీలికని అందరికంటే ముందు పసిగట్టారు, ఎందుకంటే వాళ్ళకి డబ్బుతో పని. నిర్మాత డీనో డి లారెంటిస్ కోటి డాలర్లు పోసి హక్కులు కొన్నాడు. ఆస్కార్ తెచ్చిన దర్శకుడు జొనాథన్ డెమీ ఒప్పుకోలేదు. స్క్రీన్‌ప్లే రచయిత టెడ్ టాలీ ఒప్పుకోలేదు. 'సైలెన్స్' సినిమాలో క్లారిస్‌గా వేసిన జోడీ ఫోస్టర్ కూడా రాలేదు. వేరే సినిమా పనిలో ఉన్నానన్నది బయటికి చెప్పిన కారణం. క్లారిస్ అంటే తనకీ డెమీకీ ఎంతో ఇష్టమని, ఆమెని కాళ్ళ కింద తొక్కే పని తమవల్ల కాలేదని తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. చివరికి రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో, జూలియన్ మూర్ క్లారిస్‌గా, 2001 ఫిబ్రవరిలో సినిమా వచ్చింది. ముగింపు మార్చేశారు. క్లారిస్ తన చేతికీ లెక్టర్ చేతికీ కలిపి బేడీ వేస్తుంది. లెక్టర్ కత్తి ఎత్తుతాడు, ఆమె చెయ్యి నరకడు, తన చెయ్యే నరుక్కుని పారిపోతాడు. సినిమాకి డబ్బులు దండిగానే వచ్చాయి. ఆ ముగింపు క్లారిస్ గౌరవం కాపాడింది, లెక్టర్ ప్రేమనీ కాపాడింది, ఎవరికీ కోపం తెప్పించలేదు. ఎవరికీ గుర్తు కూడా లేదు. నవల ముగింపు గురించి మాత్రం ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

పదకొండేళ్ళ విరామం కూడా ఈ గొడవకి ఆజ్యం పోసింది. అప్పటిదాకా లెక్టర్ దాదాపుగా హారిస్ ఒక్కడి సొత్తే. 1991 తర్వాత సినిమాలో లెక్టర్‌గా వేసిన ఆంథొనీ హాప్‌కిన్స్ గొంతు, రెప్ప వెయ్యని చూపు జనం సొత్తయ్యాయి. 2003లో అమెరికన్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వేసిన సినిమా నాయకుల, విలన్ల జాబితాలో విలన్లలో మొదటి స్థానం లెక్టర్‌ది, నాయకుల్లో ఆరో స్థానం క్లారిస్‌ది. ఒక్క సినిమా నుంచి ఇద్దరూ అంత పైకి వెళ్ళారు. అంటే అప్పటికే జనం రెండు పార్టీలుగా ఉన్నారన్నమాట. మూడో నవల వాళ్ళని చీల్చలేదు, ఉన్న చీలికని బయటపెట్టింది. క్లారిస్ కోసం వచ్చినవాళ్ళకి ఆమె ఓడిపోయిన కథ కనిపించింది. లెక్టర్ కోసం వచ్చినవాళ్ళకి అతను గెలిచిన కథ కనిపించింది.

హారిస్ ఇంటర్వ్యూలు ఇచ్చే మనిషి కాదు. నవల వచ్చిన మరుసటి ఏడాది 'రెడ్ డ్రాగన్' కొత్త ముద్రణకి రాసిన ముందుమాటలో మాత్రం కాస్త నోరు విప్పాడు. 'హానిబల్' రాయాలంటే తనకే జంకుగా ఉండేదని, స్టార్లింగ్ ఏమైపోతుందోనని భయపడ్డానని, చివరికి పాత్రల్ని వదిలెయ్యాలి గనుక వాళ్ళ స్వభావాల్ని బట్టి వాళ్ళనే తేల్చుకోనిచ్చానని రాశాడు. దీన్ని రచయిత నిజాయితీ అనుకోవచ్చు, తప్పించుకోవడం అనుకోవచ్చు. పాత్రలే కథ నడిపాయని చెప్పడం రచయితలకి అలవాటే. కానీ క్లారిస్ కోసం భయపడ్డానన్న ఆ ఒక్క మాట, ఆమె పక్షాన కోపగించుకున్న పాఠకుడి మాటకి చాలా దగ్గరగా ఉంది.

2006లో వచ్చిన 'హానిబల్ రైజింగ్' సంగతి రెండు ముక్కల్లో ముగించొచ్చు. హారిస్ రాయకపోతే వేరేవాళ్ళతో లెక్టర్ బాల్యం కథ చేయిస్తానని డి లారెంటిస్ అన్నాడు, హారిస్ రాశాడు. మిషా గాయం చుట్టూ అల్లిన పగ కథ. దీని మీద మిశ్రమ స్పందన లేదు, ఉన్నదంతా పెదవి విరుపే. విచిత్రంగా, అది వచ్చాక 'హానిబల్' విలువ కొంత పెరిగింది. మూడో నవలలో మిషాకి ఉన్నవి కొన్ని పేజీలే, అదే మేలనుకున్నారు జనం.

టీవీలో ఇంకో మలుపు తిరిగింది. బ్రయాన్ ఫుల్లర్ 2013 నుంచి 2015 దాకా నడిపిన 'హానిబల్' సిరీస్ ఈ నవలలోని ఫ్లోరెన్స్‌ని, వెర్జర్ కుటుంబాన్ని, పాత్సీ ఉరిని తెచ్చి వాడుకుంది. అందులో క్లారిస్ ఉండదు. 2021లో 'క్లారిస్' పేరుతో ఇంకో సిరీస్ వచ్చింది. అందులో లెక్టర్ పేరు కూడా ఎత్తరు. కారణం కళ కాదు, కాగితాలు. ఒక పాత్ర హక్కులు ఒక సంస్థ దగ్గర, ఇంకో పాత్ర హక్కులు ఇంకో సంస్థ దగ్గర ఉండిపోయాయి. పాఠకుల్లో సగంమంది విడదీయాలని కోరుకున్న ఆ జంటని లాయర్లు విడదీశారు.

నవల ఆఖరి వాక్యాల్లో మాత్రం ఇద్దరూ మిద్దె మీద కలిసి నాట్యం చేస్తుంటారు. బార్నీ ఊరొదిలి పోయాడు, మనమూ పోదాం పదండి అంటాడు కథకుడు. వాళ్ళిద్దరిలో ఎవరి కంట పడినా మనకి చావే అంటాడు. ఎవరి కంట పడినా. క్లారిస్ కంట పడినా కూడా.